పి.కె. మాటల వెనక మైదానం

కోల్‌కతాలో ఫుట్‌బాల్ ముచ్చట్లు పెట్టుకునే చోట కోచ్ పి.కె. బెనర్జీ పేరు వస్తే చాలు, ఎవరో ఒకరు ‘వోకల్ టానిక్’ అంటారు. విరామంలో ఆయన నోరు తెరిస్తే అలిసిన కాళ్ళకు కొత్త సత్తువ వచ్చేదట. వచ్చే ఉంటుంది. అయితే ఈ పొగడ్త వల్ల ఆయన పనితనంలో సగం మరుగున పడిపోయింది.

ఆ పనితనం వెనక మన హైదరాబాదీ ఒకరున్నారు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు, 1962 జకార్తా ఆసియా క్రీడలకు భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రాగా ముగిసిన మ్యాచ్‌లో మన గోల్ కెప్టెన్ పి.కె.దే. జకార్తా ఫైనల్ నాటికి రహీమ్ సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. స్టేడియం నిండా మనల్ని గేలి చేసే జనం. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా దింపారు. పి.కె. ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. కుర్రాళ్ళ గుండెను కదిలించడం, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో లెక్క వేసుకోవడం, రెండూ ఒకే మనిషి చేయగలడని పి.కె. అక్కడ కళ్ళారా చూశారు.

ఆటగాడిగా ఆయన ఈస్టర్న్ రైల్వేను వదల్లేదు. 1958లో ఆ జట్టు కలకత్తా లీగ్ గెలిచింది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జెర్సీలు ఏనాడూ తొడగని ఈ మనిషే తర్వాత ఆ రెండింటికీ కోచ్ అయ్యారు!

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మరో కోచ్ బాషాతో కలిసి భారత జట్టుకు కోచింగ్ చేసి కాంస్యం తెచ్చారు. అప్పటి కెప్టెన్ నయీముద్దీన్‌ది కూడా హైదరాబాదే. 1975 ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్‌లో ఆయన కోచ్‌గా ఉన్న ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను చిత్తు చేసింది. రెండేళ్ళకే ఆయన అదే మోహన్ బగాన్ కోచ్‌గా, పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌ను ఈడెన్ గార్డెన్స్‌లో 2-2 దగ్గర నిలిపారు. అంత గొడవపడే రెండు వర్గాల అభిమానులూ ఆయన్ను తమవాడే అనుకోవడం మామూలు సంగతి కాదు.

ఇక 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలకు పైగా జనం. ఆటగాళ్ళను వజ్రాకారంలో నిలిపే ‘డైమండ్’ పద్ధతిని నమ్ముకున్న మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ళను ఎగతాళి చేశారు. అప్పుడు ఈస్ట్ బెంగాల్ కోచ్‌గా ఉన్న పి.కె. దాన్నే వాళ్ళకు మందుగా పట్టారని చెబుతారు. భైచుంగ్ భూటియా హ్యాట్రిక్, 4-1తో ఈస్ట్ బెంగాల్ గెలుపు. ఆ మూడు గోల్స్‌నూ కోపం ఖాతాలో వేసేవాళ్ళే ఎక్కువ. భైచుంగ్ ఎక్కడ నిలబడ్డాడు, బంతి ఎటునుంచి అందింది అన్నది కూడా గమనిస్తే పి.కె. మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.