వయసుకు తగ్గ తరగతి

పన్నెండేళ్ల పిల్ల. ఏనాడూ పలక పట్టలేదు. సీడు పత్తి చేలో క్రాసింగ్ పని మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండా చేస్తుంది: సాయంత్రం మొగ్గ ఒలిచి పుప్పొడి తిత్తులు తీసెయ్యాలి, తెల్లారాక మగపువ్వు తెచ్చి అదే మొగ్గకు అద్దాలి. ఈ పిల్లను ఏ తరగతిలో చేర్చాలి? ఒకటో తరగతిలో ఆరేళ్లవాళ్ల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే చేను దారి పడుతుంది. ఆరులో వేస్తే పాఠం అందదు.

ఈ చిక్కుముడి విప్పిన పనితనం మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వారి బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో కనిపిస్తుంది. 1981లో ఏర్పడిన ఈ సంస్థ, 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికుల్ని బడికి మళ్లించే పని చేపట్టింది. ముందుండి నడిపించిన ఆచార్య శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది.

అప్పటికి అందరికీ తెలిసిన ఉపాయం రాత్రి బడి. పగలంతా పని, పొద్దుగూకాక అక్షరాలు. వీళ్లు దానికి ససేమిరా అన్నారు. బడికి పోని ప్రతి బిడ్డా బాలకార్మికుల లెక్కే, పగటి బడి తప్ప వేరే బడి లేదు అన్నారు. మిగతా పనంతా ఈ పట్టుదల మీదే నిలబడిందని నా నమ్మకం.

శిబిరంలో పిల్లలు నెలల తరబడి ఉండి చదువుకుంటారు. వచ్చీరాగానే పుస్తకం చేతికివ్వరు. పాటలు, ఆటలు, కథలు, ఊరి కబుర్లతో మొదలవుతుంది. పిల్ల నోట వచ్చిన మాటే కాగితం మీద అక్షరంగా కనబడుతుంది. కూలి డబ్బులు వేళ్లమీద లెక్కపెట్టగల పిల్లకు కూడిక కొత్త విద్యేం కాదు, రాసే పద్ధతే కొత్త. పెద్ద పిల్లలు తొందరగా నేర్చుకుంటారన్న లెక్క మీదే కోర్సు అల్లారు. చివరికి చేరాల్సింది సర్కారు బడిలో తన ఈడు పిల్లలున్న తరగతికి.

చెప్పేవాళ్లలో చాలామంది ఆ పల్లెల యువతీ యువకులే. పిల్ల ఇంట్లో ఎవరు మెత్తబడతారో, ఏ రైతు దగ్గర అడ్వాన్సు తీసుకున్నారో వాళ్లకు తెలుసు. తల్లిదండ్రులతో, రైతులతో, సర్పంచితో మాట్లాడేదీ వాళ్లే. ఉపాధ్యాయులు కూడా బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి కలిసొచ్చారు. ఊరిని కదపకుండా శిబిరం ఒక్కటే పెట్టి ఉంటే, సెలవులకు ఇంటికెళ్లిన పిల్ల తిరిగొచ్చేది కాదు.

2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో వయసుకు తగ్గ తరగతీ, అందుకు ప్రత్యేక శిక్షణా హక్కులయ్యాయి. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడం కుదరదని 14వ సెక్షన్ చెబుతోంది. అయితే పిల్ల రెండు రోజులు బడికి రాకపోతే మూడో రోజు వాళ్లింటికెళ్లి అడిగే మనిషిని చట్టం ఇవ్వలేదు. ఆ మనిషికి జీతమిచ్చి ప్రతి ఊళ్లోనూ నిలబెట్టాల్సింది ప్రభుత్వమే, పంచాయతీలే.