24వ గుహలో ఆగిన ఉలి

అజంతా వెళ్లొచ్చినవాళ్లను కదిపితే 1వ గుహలో పద్మపాణి గురించి చెబుతారు, 26లో పడుకున్న బుద్ధుడి గురించి చెబుతారు. 24 ఊసెత్తేవాళ్లను నేను చూడలేదు. మా గైడ్ కూడా అది సగంలో ఆగిపోయిందని, చూడ్డానికేం లేదని చెప్పి ముందుకు నడిచాడు. నేను ఆగిపోయాను.

పూర్తయి ఉంటే అజంతా విహారాల్లో 4వ గుహ తర్వాత ఇదే పెద్దది. హాలు వెడల్పు 70 అడుగుల పైమాటే. లోపల 20 స్తంభాలు అనుకున్నారు. చెక్కడం పూర్తయింది ఒక్కటే. మిగతావి ఇంకా రాతిమొద్దులే. పని ఎలా సాగిందో ఆ మొద్దులే చూపిస్తాయి. ముందు కొండలోకి పొడవాటి సందులు తొలిచారు. ఆ తర్వాత సందుకీ సందుకీ మధ్య గోడలు పగలగొట్టారు, స్తంభం రావలసిన చోట మాత్రం వదిలేసి. ఇల్లు కట్టే మేస్త్రీ పునాది నుంచి పైకి వెళ్తాడు. వీళ్లు పైకప్పు తేల్చుకుని నేలకు దిగారు, పరంజా అక్కర్లేకుండా. అసలు గోడే లేనినాడు ఏ స్తంభం ఎక్కడో తెలిసుండాలి. పొరపాటున కొట్టేస్తే మళ్లీ అతికించేదేముంది?

ముందు అంతా తొలిచేసి, ఆనక తీరిగ్గా నగిషీలు పెడతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. అదీ తప్పే. లోపల మొద్దులు మొద్దులుగా ఉండగానే వరండా స్తంభాల తలలకు చక్కటి శిల్పాలు అమిరాయి.

ఆ ఉలిపని చూస్తుంటే ఒక మనిషి గుర్తొచ్చాడు. చిన్నప్పుడు మా ఇంటికి తిరగలికి గంట్లు కొట్టడానికి వచ్చేవాడు. ఉలి ఒక్క పోటు లోతుగా పడితే పిండి బరకగా వస్తుందని అమ్మమ్మ అతని పక్కనే పీట వేసుక్కూర్చునేది. అతను కొట్టేది తక్కువ, రాయి మీద చెయ్యి పెట్టి తడుముకునేది ఎక్కువ.

మరి ఈ గుహలో పని ఎందుకు ఆగింది? అజంతా మీద దశాబ్దాలు పనిచేసిన వాల్టర్ స్పింక్, వాకాటక రాజు హరిషేణుడు 477 ప్రాంతంలో చనిపోవడంతో ఇక్కడి పనులన్నీ చెదిరిపోయాయని వాదించాడు. ఆ తేదీలను ఒప్పుకోని పండితులూ ఉన్నారు. సంవత్సరం ఏదైనా, రాజు పోయాక కూలి ఎవరిస్తారన్న ప్రశ్న ఆ ఉలి పట్టినవాళ్లకు ముందే తట్టి ఉంటుంది.

గైడ్ వెనక్కొచ్చాడు. 26లో బుద్ధుడి దగ్గర రద్దీ తగ్గిందట, రమ్మన్నాడు. ఇంకో రెండు నిమిషాలన్నాను. పూర్తయిన ఆ ఒక్క స్తంభం చుట్టూ ఇంకా తిరగలేదు.