మూతి దగ్గర మొదలైన వ్యాపారం

"నువ్వైనా వాడికి నాలుగు చీవాట్లు పెట్టు" అంటూ ఓ మిత్రుడు ఈ వారం తన కొడుకును మా ఇంటికి పంపాడు. కుర్రాడు చర్చి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ ఉన్న షెడ్డొకటి అద్దెకు తీసుకుని మౌత్‌పీసులు చేస్తాడట. మిత్రుడు సరైన మనిషినే పట్టాడు. ఇష్టమైన పనికి బిల్లు పుస్తకం తగిలించుకోవద్దని ఇదే కాలమ్‌లో నేనెంత మొత్తుకున్నానో మీకు తెలియంది కాదు.

కుర్రాడు వాదించలేదు. జేబులోంచి రెండు మౌత్‌పీసులు తీసి బల్ల మీద పెట్టాడు. "అంచు మీద వేలు తిప్పి చూడండి బాబాయ్." ఒకటి నున్నగా తిరిగింది. రెండోది లోపలి వైపు గోరుకు తగిలింది. వెండి పూత లేచి ఇత్తడి బయటపడింది. దాంతో గంట వాయిస్తే పెదవి మండిపోతుందట.

నా ఉపన్యాసం అక్కడే దారి తప్పింది. విన్సెంట్ బాక్ గుర్తొచ్చాడు. వియన్నా దగ్గర బాడెన్‌లో 1890లో పుట్టి, ఇంజనీరింగు చదివి, ట్రంపెట్ పట్టి, 1914లో అమెరికా చేరి బోస్టన్ సింఫనీలో వాయించినవాడు. ఆయన మౌత్‌పీసును ఎవరో రిపేరు పేరుతో పాడుచేశారని చెబుతారు. 1918లో న్యూయార్కులో కాలితో తొక్కే లేత్ పెట్టుకుని మౌత్‌పీసులు చేయడం మొదలెట్టాడు. ట్రంపెట్ జోలికి 1924 దాకా పోలేదు. అంతకు ముందు తరంలో అమెరికాలోనే ఎల్క్‌హార్ట్‌లో వాద్యాల ఫ్యాక్టరీ పెట్టిన కాన్ కథా ఇంతే. పెదవి చిట్లిన కార్నెట్ వాద్యగాడు, నొప్పి తెలియకుండా అంచుకు రబ్బరు వేసుకున్నాడు. ఫ్యాక్టరీ ఆ తర్వాత వచ్చింది.

ఇందులో లెక్క ఉంది. ట్రంపెట్ చేయాలంటే రేకు కోసి, అతికి, అచ్చు మీద కొట్టి గంటలా విచ్చుకునే కొస తీయాలి. గొట్టం వంచేటప్పుడు నలగకుండా లోపల తారో సీసమో పోయాలి. పిస్టన్లు గాలి జారకుండా కూర్చోవాలి. బ్యాండు వాద్యాలు చేసే మీరట్ జాలీ కోఠీ గల్లీల్లో ఈ పనులకు ఒక్కోదానికి ఒక్కో చెయ్యి. మౌత్‌పీసుకు మాత్రం ఇత్తడి కడ్డీ, లేత్, ఓపికున్న ఒక్క మనిషి చాలు. బాక్ పెట్టిన నంబర్లే ఇవాళ్టికీ చాలామందికి కొలత. అంకె పెరిగేకొద్దీ కప్పు వెడల్పు తగ్గుతుంది, అక్షరం ఏ నుంచి ముందుకెళ్లేకొద్దీ లోతు తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో సాధారణంగా 7సీ ఉంటుంది.

ఇన్నేళ్లూ నేను భయపడింది ఇష్టం గురించి. వీణ్ని షెడ్డుకు లాక్కెళ్తున్నది పెదవి మీద మంట. దాని మీద నేనే కాలమూ రాయలేదు. చీవాట్లు పెట్టలేకపోయాను.

"మొదటి ఆర్డరు ఎవరిదిరా?"

"మా బ్యాండుదే బాబాయ్. డబ్బులు క్రిస్మస్ అయ్యాక ఇస్తారట."

సగం అడ్వాన్సు చేతిలో పడకుండా కడ్డీ కొనొద్దని చెప్పి పంపాను. వాళ్ల నాన్న అప్పట్నుంచీ నా ఫోనెత్తడం లేదు.