స్థానం ఎవరిది?

చిన్నప్పటినుంచీ నాకు స్థానం నరసింహారావు గారంటే కోపం. ఆయన్ని నేను చూసింది లేదు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన పోయారు. అయినా నక్కపల్లిలో మా ఇంట్లో ఆయన పేరు వినపడని వారం ఉండేది కాదు. పెళ్ళయిన కొత్తల్లో కాకినాడలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు మా మామ్మ ఆయన సత్యభామని ఒక్కసారి చూసిందట. ఆ ఒక్క రాత్రినీ ఆవిడ జీవితాంతం దాచుకుంది. నేను గబగబా మెట్లు దిగినా, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నా, "ఆయన మగాడే, ఆ ఒద్దిక చూడాలి. ఆడపుటక పుట్టి నీకేదే?" అనేది. ఆడపిల్లగా ఉండడంలో నేను ఒక మగవాడికంటే వెనకబడి ఉన్నానన్నమాట.

చాలా ఏళ్ళ తరవాత, కాలేజీలో తెలుగు నాటకరంగం గురించి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ పాత కోపంతోనే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

స్థానం నరసింహారావు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టారు. 1920లో ఆ ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేయాల్సిన నటుడు రాలేదు. ఆ ఖాళీలోకి ఈ కుర్రవాడు వెళ్ళాడు. అంతే, ఆ తరవాత ఆ వేషం దిగలేదు. తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరాక ఆయన పేరు ఆంధ్రదేశమంతా పాకింది. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ, 'సారంగధర'లో చిత్రాంగి, 'విప్రనారాయణ'లో దేవదేవి, 'రోషనార'లో రోషనార, 'కన్యాశుల్కం'లో మధురవాణి. ఒక పాత్రకీ ఇంకో పాత్రకీ పోలిక ఉండేది కాదని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. తులాభారంలో సత్యభామ పాడే అతి ప్రసిద్ధమైన పాట ఆయన స్వయంగా రాసుకున్నదే. అది 1966 నాటి సినిమాలో జమున పెదవులమీదికి వచ్చి ఇప్పటికీ వినిపిస్తోంది. 1956లో ప్రభుత్వం ఆయనకి పద్మశ్రీ ఇచ్చింది. ఆత్మకథకి ఆయన 'నటస్థానం' అని పేరు పెట్టుకున్నారు. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు.

ఇంటిపేరు స్థానం కావడం యాదృచ్ఛికమే. కానీ నేను రాసిన మొదటి వ్యాసానికి ఆ మాటే ఆయుధమైంది. స్త్రీల స్థానాన్ని పురుషుడు ఆక్రమించడాన్ని మనం కళ అన్నాం, బిరుదులిచ్చాం అని రాశాను. ఆ వాదనలో కొంత నిజం ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను. అందుకే ముందు దాన్నే చెప్తాను.

ఆయన వేసిన పాత్రల్ని వరసగా పెట్టి చూడండి. దేవదేవీ మధురవాణీ వేశ్యలు. చిత్రాంగి మారుకొడుకుని కోరిన స్త్రీ. సత్యభామ భర్తని తనవాడుగా ఉంచుకోవాలన్న ఆశతో నారదుడికి దానమిచ్చి, చివరికి ఒక తులసిదళం ముందు తలవంచిన గర్విష్ఠి. కోరికా గర్వమూ తెలివీ ఉన్న స్త్రీలు వీళ్ళు. అంటే, సంసార స్త్రీలు ఏవి చూపించకూడదని కట్టడి చేశారో వాటినే పాతికముప్ఫయ్యేళ్ళు రంగస్థలం మీద చూపించినందుకు ఒక పురుషుడికి గౌరవం దక్కింది. వేశ్య వేషం వేసిన మగవాడు రంగు కడుక్కుని పెద్దమనిషిగానే ఇంటికి వెళ్ళాడు. పతివ్రత వేషం వేసిన ఆడదాన్ని మాత్రం, రంగు కడుక్కున్నాక కూడా జనం వేశ్యగానే చూశారు. చంద్రమతిగా తెల్లవార్లూ ఏడ్చినా సరే, ఆమెకి అద్దెకి ఇల్లు దొరకడం కష్టమే.

స్త్రీలు రంగస్థలం మీద లేరా? ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాల్లో స్త్రీలు స్త్రీ పాత్రలూ, అవసరమైతే మగ పాత్రలూ వేశారు. మన మొదటి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి సురభి కమలాబాయే. దాసరి కోటిరత్నం మగ వేషాలు కూడా కట్టి, సొంతంగా నాటక సమాజం నడిపి, 1935లో 'సతీ సక్కుబాయి' సినిమా నిర్మాణానికి కూడా దిగింది. అయితే మన నాటక చరిత్రలు వీళ్ళ ధైర్యాన్ని మెచ్చుకుంటాయి, కుటుంబాన్ని మెచ్చుకుంటాయి, పడిన కష్టానికి జాలిపడతాయి. నటనని గురించి మాట్లాడాల్సిన చోట మాత్రం పేజీ తిరిగిపోతుంది. స్థానం వారి దగ్గరికి వచ్చేసరికి చీరకట్టు మీదే ఒక పేరా, చూపు మీద ఒక పేరా.

ఇది మన ఒక్కరి కథ కాదు. మరాఠీ రంగస్థలం మీద బాలగంధర్వ కట్టిన చీరల్నీ పెట్టుకున్న నగల్నీ ఇల్లాళ్ళు అనుకరించారు. జపాన్ కబుకిలో 1629లో స్త్రీలని నిషేధించాక, ఆ స్థానంలో ఎదిగిన మగనటుల స్త్రీ నటన శాస్త్రమైపోయింది. కలకత్తాలో వినోదినీ దాసి తన పేరుమీద థియేటరు కడతారన్న మాట నమ్మి తనని తాను పణంగా పెట్టుకుంది. 1883లో తెరిచినప్పుడు దానికి 'స్టార్' అని పేరు పెట్టారు. అదే పేరుతో అప్పటికున్న థియేటరుకి ఆమె పేరు పెడుతున్నామని బెంగాల్ ప్రభుత్వం ప్రకటించింది 2024 డిసెంబరు చివర్లో. నూట నలభై ఏళ్ళు పట్టిందన్నమాట, బోర్డు మీద ఒక నటి పేరు రాయడానికి.

ఇంతవరకూ నా పాత వ్యాసం. దాన్ని అక్కడే ఆపెయ్యకుండా చేసింది ఒక మనిషి.

2022 మార్చిలో ఉపమాక వెంకన్న కల్యాణానికని ఊరెళ్ళాను. మా నక్కపల్లి అప్పటికింకా విశాఖ జిల్లాలోనే ఉంది, మరుసటి నెలలో అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఊళ్ళో ఒకావిడ ఉందనీ, ఒకప్పుడు తుని నించి శ్రీకాకుళం దాకా చంద్రమతి అంటే ఆవిడేననీ తెలిసి చూడ్డానికి వెళ్ళాను. డెబ్భై దాటాయి. మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడ పేరు ఇక్కడ రాయొద్దంది, మనవరాలి పెళ్ళి ఉంది కాబట్టి. ఆ ఒక్క కారణంలోనే నా పాత వ్యాసమంతా ఉంది.

నేను ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. కాంట్రాక్టర్లు డబ్బులు ఎగ్గొట్టేవారా, ఇబ్బంది పెట్టేవారా, ఊళ్ళో ఎలా చూసేవారు. రెండు ప్రశ్నలకి జవాబు చెప్పింది. మూడోదానికి నా మొహంలోకి చూసింది.

"ఏటమ్మా, నువ్వూ అదే అడుగుతావేటి? నా కట్టాలు రాసుకోడానికొచ్చినోలు శానామందున్నారు. ఆ పద్యం ఎలాగ పాడేదానివని అడిగినోలు ఒక్కలూ లేరు."

నేను కాగితం మడిచేశాను. అప్పుడు చెప్పింది. హార్మోనియం శ్రుతి ఎప్పుడూ హరిశ్చంద్రుడి గొంతుకి పెడతారట. ఆ శ్రుతిలో ఆడగొంతు కింద పాడితే వినిపించదు, పైన పాడితే తెల్లారేసరికి గొంతు ఉండదు. అందుకని పద్యం కిందన మొదలుపెట్టి, చివర రాగం తీసేచోట మాత్రం పైకి ఎత్తేదట. కాటిసీనులో మైకు పైనించి వేలాడుతుంది. చచ్చిపోయిన బిడ్డని మోసుకుంటూ దాని కిందకి వచ్చి పాడాలి. "మైకు కోసం వొచ్చినట్టు తెలీకూడదు. బిడ్డ బరువుకి తూలి అక్కడికి వొచ్చి పడినట్టుండాల." బిడ్డగా వేసిన పిల్లాడు నిజంగానే నిద్రపోయేవాడట. నిద్రపోయిన పిల్లాడు బరువెక్కువ. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ బరువుని బట్టి మార్చుకునేదట.

నలభై ఏళ్ళు సాహిత్య విమర్శ చదివిన నాకు ఊపిరి గురించి ఇంత తెలిసినవాళ్ళు తారసపడలేదు.

సత్యభామ మాట నేనే ఎత్తాను. ఆవిడకి నాటకం నేర్పిన గురువుగారు కుర్రతనంలో స్థానం వారి సత్యభామని చూసినవాడట. కుచ్చెళ్ళు రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకోవడం, నడుము తిప్పకుండా మెడతోనే అలక చూపించడం, అన్నీ ఆయన చూపించి నేర్పించాడు. అంటే ఒక ఆడమనిషి ఆడదానిలా నడవడాన్ని ఒక మగవాడి దగ్గర నేర్చుకుంది, అతను ఇంకో మగవాడిని చూసి నేర్చుకున్నాడు. ఇదిగో నా వాదనకి రుజువు అని లోపల సంబరపడ్డాను. ఆవిడ గోడ పట్టుకుని లేచి, వసారాలో నాలుగడుగులు ఆ నడక నడిచి చూపించింది. తిరిగి వచ్చి కూర్చుని అంది కదా:

"ఇది నలుగురూ సూస్తన్నప్పుడు నడిసే నడక. బాగుంటాది. కానీ సత్యభామ గదిలో ఒక్కర్తీ ఉన్నప్పుడూ ఇలాగే నడుస్తాదేటి? నానైతే ఒక్కదాన్నీ ఉన్న సీన్లో నడక ఒగ్గీసేదాన్ని. అలాగ కూలబడిపోయేదాన్ని."

"గురువుగారు ఏమీ అనలేదా పెద్దమ్మా?"

"తిట్టినారు. జనం సప్పట్లు కొట్టినాక ఊరుకున్నారు."

ఇంతకంటే మంచి స్త్రీవాద విమర్శ నేను చదవలేదు. చూపుల మధ్య ఉన్న స్త్రీకీ, చూపులు లేనప్పటి స్త్రీకీ ఉన్న తేడాని ఆవిడ ఒక కదలికలో పట్టుకుంది. స్త్రీత్వం పుట్టుకతో వచ్చేది కాదని, పదేపదే చేస్తూ తయారుచేసుకునేదని జూడిత్ బట్లర్ 1990లో రాసింది. ఆ పుస్తకాన్ని నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. చేయడం అనేది ఒక పని అనీ, దానికి శ్రుతీ ఊపిరీ మోకాళ్ళూ ఖర్చవుతాయనీ మాత్రం ఆ వసారాలోనే అర్థమైంది.

అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి చూస్తే స్థానం వారు నాకు వేరేగా కనిపిస్తున్నారు. ఆయన దొంగ కాదు, సాక్షి. ఆడతనం అనేది నేర్చుకోవచ్చనీ, చీర మడతలోనూ చూపు ఆలస్యంలోనూ దాన్ని కట్టవచ్చనీ ముప్ఫయ్యేళ్ళు వేలమంది ఎదుట నిరూపించినవాడు. ఆ మేరకు ఆయన స్త్రీలకి అపకారం చెయ్యలేదు. అపకారం అంతా ఆ పనిని మనం కొలిచిన తీరులో ఉంది. మగవాడు చేస్తే అది సాధన, ఆడది చేస్తే అది స్వభావం. స్వభావానికి పద్మశ్రీలు ఇవ్వరు. ఆడది కాబట్టి ఆడదానిలా ఉంది, అందులో నటన ఏముంది అంటారు. మరీ బాగా చేస్తే, అది కళ కాదు, గుణం అంటారు. కూచిపూడి వేషం మీద హర్షిత మృత్తింటి కామత్ 2019లో తెచ్చిన పుస్తకం, స్త్రీ వేషం కట్టడం బ్రాహ్మణ పురుషుడి పౌరుషానికే గౌరవం తెచ్చిందని చూపిస్తుంది. పద్యనాటకంలోనూ లెక్క దాదాపు అదే. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. దాని అవసరాన్ని నేను కాదనను. కానీ కళావంతుల ఇళ్ళలో తరాలుగా స్త్రీలు సాధన చేసిన అభినయం సిగ్గుపడాల్సిన విషయమై దాక్కుంటున్న సంవత్సరాల్లోనే, సభల్లో మగ సత్యభామకి సన్మానాలు జరుగుతున్నాయి.

ఆవిడని కలిసిన ఆ మార్చికి రెండు నెలల ముందే, జనవరిలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది. కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం, వందేళ్ళుగా ఆడుతున్నది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. ఆ బాధ అబద్ధమని నేను అనను, పల్లెల్లో ఆ పాత్రని ఎంత దిగజార్చి ఆడేవారో చూసినదాన్నే. కానీ ఆ చర్చ అంతటిలోనూ చింతామణి గురించి ఎవరూ అడగలేదు. నాటకం పేరు ఆమెది. తెల్లవార్లూ రంగస్థలం మీద ఉండేది ఆమె. పద్యానికి ఎంతని బూతు కేకలు విన్నదీ ఆమే. ఆమెకి అవమానం జరిగిందని నిషేధించలేదు. ఆమె జీవనం పోతుందని నిషేధం ఆపనూ లేదు. ఈ మాట అంటే పెద్దమ్మ నవ్వింది. "సింతామణి ఏసినోలకి ఎవులు పరువున్నాదనుకున్నారు గనక?"

ఈ వ్యాసం రాస్తూ నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మనం నటీమణుల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా కష్టాల చిట్టా ఎందుకు పట్టుకెళ్తాం? కష్టాలు రాయాలి, అవి రాయకపోతే దోపిడీ కనిపించదు. కానీ కష్టాలే రాస్తే, పురుషుడికి కళ, స్త్రీకి కన్నీళ్ళు అన్న పాత పంపకాన్నే మనమూ అమలు చేస్తున్నాం. స్థానం వారి చీరకట్టు మీద రాసినంత శ్రద్ధగా ఒక చంద్రమతి ఊపిరి మీద రాయాలి. ఆ తరం స్త్రీలు ఇంకా కొందరు ఉన్నారు, తునిలో, అనకాపల్లిలో, విజయనగరంలో, తెనాలిలో. ఎక్కువ కాలం ఉండరు. మైకు కిందకి ఎలా వచ్చేవారో వాళ్ళని అడగాలి. అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో, లేకపోతే పేరు లేకుండానైనా, రాసిపెట్టాలి.

మా మామ్మ మాట మీద కూడా నాకిప్పుడు కోపం లేదు. "ఆడపుటక పుట్టి నీకేదే?" అనేది కదా. పుట్టుకతో అది రాదని ఆవిడకి తెలుసన్నమాట. కాకినాడలో ఆ రాత్రి ఆవిడ చూసింది అదే అయ్యుంటుంది. ఎవరూ లేనప్పుడు ఆవిడ ఎలా నడిచేదో నేనెప్పుడూ గమనించలేదు.