నది యొడ్డున మేరీ: ఎడ్నా ఓబ్రయన్ నవలపై కొన్ని మాటలు

1992లో ఐర్లండు దేశపు న్యాయస్థానములు ఒక పదునాలుగేండ్ల బాలికకు ఒకే యొక అక్షరమును పేరుగా నిచ్చినవి. ఆమె యెవరో లోకమునకు తెలియరాదను సదుద్దేశముతోనే కాగితములలో ఆమెను ‘ఎక్స్’ అని వ్రాసిరి. నాలుగేండ్లు గడచిన పిమ్మట, 1996లో, ఎడ్నా ఓబ్రయన్ అను రచయిత్రి ఆ వ్యవహారమును ఆధారముగా గైకొని ‘డౌన్ బై ది రివర్’ అను నవలను ప్రకటించెను. అందులో ఆ అక్షరము పోయి మేరీ మెక్‌నమారా అను పిల్ల వచ్చెను. ఉద్యోగకాలమంతయు దస్త్రములు కట్టుటలోనే గడపిన నావంటి గుమాస్తాకు, మనిషి పేరు పోయి సంఖ్య మిగులుట క్రొత్త కాదు. సంఖ్యలోనుండి మనిషిని మరల బయటికి తెచ్చుట అరుదు. ఆ కారణముచేతనే ఈ సంచిక పాఠకులకు ఈ నవలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవాడను గనుక నిఘంటువును ప్రక్కన నుంచుకొని మెల్లగా చదివితిని. ఇది తొందరలో చదువదగిన పుస్తకమును కాదు.

మొదట అసలు వ్యవహారము తెలిసికొనవలెను. ఐర్లండులో గర్భవిచ్ఛిత్తి 1861 నాటి బ్రిటిషు చట్టమువలననే నేరముగా నుండెను. అది చాలదని తలచినవారు 1983లో ప్రజల యోట్లతో రాజ్యాంగమునకు ఎనిమిదవ సవరణను చేర్చిరి. గర్భస్థశిశువు ప్రాణమునకును తల్లి ప్రాణమునకును సమానమైన హక్కు కలదని దాని తాత్పర్యము. నూటికి సుమారు 67 మంది దానికి సమ్మతించిరి. ఇట్లుండగా ఎక్స్ అను ఈ బాలిక బలాత్కారమునకు గురియై గర్భవతి యయ్యెను. తల్లిదండ్రులు ఆమెను ఇంగ్లండునకు తీసికొనిపోదలచి, నేరస్థుని పట్టుటకు పిండమునుండి తీసిన నమూనా సాక్ష్యముగా పనికివచ్చునా యని పోలీసులను అడిగిరి. న్యాయము కోరి వేసిన ఆ ప్రశ్నయే వారిని చిక్కులలో పడవేసెను. సంగతి అటార్నీ జనరలుకు చేరెను. ఆయన కోర్టుకు పోయెను. బాలిక తొమ్మిది నెలలు దేశము విడువరాదని హైకోర్టు ఉత్తరువు చేసెను. కొద్ది వారములలో సుప్రీంకోర్టు, ఆమె ఆత్మహత్య చేసికొను ప్రమాదము నిజముగా నున్నదని భావించి, ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తుల మతముతో ఆ ఉత్తరువును కొట్టివేసెను. కడకు ఆ గర్భము తనంతట తానే స్రావమయ్యెను.

దేశము రెండుగా చీలెను. ఊరేగింపులు, ప్రార్థనలు, పత్రికలలో వాదములు. అదే సంవత్సరము నవంబరులో మరల ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. స్త్రీలు విదేశమునకు పోవు హక్కును జనులు అంగీకరించిరి గాని స్వదేశములో నిషేధము నిషేధముగానే నిలిచెను. పొరుగుదేశములో జరిగినచో తప్పు కాదు, మన గడపలో మాత్రము జరుగరాదు! ఇట్టి ఏర్పాటు ఐర్లండువారికే ప్రత్యేకమని నేననను.

ఇక రచయిత్రిని గూర్చి. ఆమె 1930లో క్లేర్ కౌంటీలోని టూమ్‌గ్రేనీ గ్రామమున జన్మించెను. కాన్వెంటులో చదివి, డబ్లిన్‌లో ఔషధవిద్య నేర్చి, పిదప లండనులో స్థిరపడెను. ఆమె తొలి నవల ‘ది కంట్రీ గర్ల్స్’ 1960లో వెలువడగానే ఐర్లండు ప్రభుత్వపు సెన్సారు దానిని నిషేధించెను. ఆమె తన తల్లిని గూర్చి చెప్పిన సంగతి యొకటి కలదు: ఆ పుస్తకపు ప్రతిని తల్లి ఇంటిలో దాచి, తనకు అసహ్యమని తోచిన మాటలపై నల్లసిరా పూసెనట. పారవేయలేదు, చదువకుండనూ ఉండలేదు. దాచి, సిరా పూసెను. కతోలిక కుటుంబములో భక్తియు మమతయు పరువును గూర్చిన భయమును ఎట్లు పెనవేసికొని యుండునో చెప్పుటకు ఇంతకంటె వేరొక నిదర్శనము అక్కరలేదు. చర్చితో జీవితమంతయు కలహించిన ఈమె 2024 జులైలో లండనున మరణించగా, అంత్యక్రియల పూజ ఆ టూమ్‌గ్రేనీ చర్చిలోనే జరిగెను. ఇట్టి యామెను కతోలిక రచయిత్రి యనవచ్చునా? అనవచ్చుననియే నా అభిప్రాయము. ఆమె కోపగించునపుడు సైతము జపమాల భాషలోనే కోపగించును. బాధితురాలైన బాలికకు దేవమాత పేరు పెట్టుట యాదృచ్ఛికము కాదు గదా.

నవలలోని కథ యిది. మేరీ పశ్చిమ ఐర్లండులోని పల్లెపిల్ల. తండ్రి జేమ్స్ ఆమెను చెరచును. తల్లి జబ్బుపడి మరణించును; కాన్వెంటులో చదువుచున్న పిల్ల మరల ఆ తండ్రి యింటికే రావలసివచ్చును. ఒకసారి గాల్వే పట్టణమునకు పారిపోయి ఒక వీధిగాయకుని నీడను కొన్నాళ్లు తలదాచుకొనును. గర్భవతియై నీళ్లలో పడి చావబోగా, బెట్టీ అను పొరుగు స్త్రీ కాపాడి, సంగతి గ్రహించి, లండనునకు తీసికొనిపోవును. అక్కడికి ఇంటినుండి కబురు వచ్చును. ఇద్దరును తిరిగి రావలసివచ్చును. అటుపై ఆ పిల్ల ఎవరికిని పిల్ల కాదు, ఒక పక్షమునకు ధ్వజము, రెండవ పక్షమునకు దృష్టాంతము. పిండమును కాపాడుద మనువారు ఆమెను తమ యింట నుంచుకొని ప్రార్థనలు చేయుదురు. ఆమె హక్కును కాపాడుద మనువారు వకీళ్లను తెత్తురు. నీకేమి కావలెనని నిమ్మళముగా అడిగి, జవాబు వచ్చువరకు ఊరకుండువారు మాత్రము మిక్కిలి కొద్దిమంది.

నవల యొక్క బలమంతయు ఇక్కడనే యున్నది. రచయిత్రి బలాత్కారమును విస్తరించి వర్ణించి పాఠకుని భయపెట్టుటకు యత్నింపలేదు. అట్టి ఘట్టములలో వాక్యములు తెగిపోవును, పిల్ల దృష్టి గడ్డిమీదికో నీటిమీదికో పోవును. ఆమె విస్తరించి చూపినది ఊరి మౌనమును. ఆ యింటిలో ఏదో జరుగుచున్నదని ఊహింపగలవారు లేకపోలేదు. కాని అడుగుట మర్యాద కాదు. తండ్రి ఇంటి యజమాని, ఊరిలో పుట్టి పెరిగినవాడు. తీరా పిల్ల లండను పోవగానే ఆ నోళ్లన్నియు ఒక్కసారిగా లేచును. చిన్న సమాజములలో ఈ లక్షణము నాకు తెలిసినదే. రాష్ట్రేతరాంధ్రులమైన మనము ఒక్కొక్క పట్టణములో కొద్ది ఇండ్లవారము. పెండ్లి సంబంధములు ఆ యిండ్లమధ్యనే. ‘మనవాళ్ల పరువు’ అను మాటతో ఎన్ని సంగతులు గోడదాటకుండ అణగినవో మన ముత్తయిదువల నడిగిన చెప్పగలరు, చెప్పరు. ఆ పల్లెలోని మౌనము నాకు విదేశముగా తోచకపోవుటకు కారణమిదియే.

ఇదే విషయమును ఇంతకు పూర్వము చేపట్టిన మరియొక నవలతో పోల్చిచూడవచ్చును. హెన్రీ మార్టన్ రాబిన్సన్ 1950లో ప్రకటించిన ‘ది కార్డినల్’ అమెరికాలో విపరీతముగా అమ్ముడుపోయినది. 1963లో ఆటో ప్రెమింజర్ దానిని చలనచిత్రముగా తీసెను. బోస్టనులోని ఐరిష్ కతోలిక కుటుంబమది. గురువైన స్టీఫెన్ ఫెర్మోయిల్ చెల్లెలు మోనా ఒక యూదు యువకుని ప్రేమించును, మతము అడ్డువచ్చును, ఆమె ఇల్లు విడిచి చెడిపోవును. ప్రసవసమయమున ఆమెను బ్రతికింపవలెనన్న శిశువు తలను నలిపి తీయవలెనని వైద్యుడు అనుమతి కోరగా, అన్న యైన గురువు అందుకు నిరాకరించును. చెల్లెలు చనిపోవును, బిడ్డ బ్రతుకును. ఆ గురువు వేదనను రాబిన్సన్ నిజాయితీగా చిత్రించెననుటకు సందేహము లేదు. చర్చి శాసనమును తప్పించుకొనుటకు ఏ యుపాయమును కల్పింపలేదు. కాని పుస్తకము మూసిన పిదప మనకు జ్ఞప్తియందుండునది స్టీఫెన్ కన్నీరు. మోనా ఏమనుకొన్నదో తెలియదు, ఆమె నెవరును అడుగలేదు. గ్రంథకర్తయు అడుగలేదు. నలువది యారేండ్ల అనంతరము ఓబ్రయన్ చేసినది ఆ మంచము ప్రక్కనుండి గురువును లేపి, పడుకొన్నదాని కన్నులతో గదిని చూచుట. నా దృష్టిలో ఈ రెండు నవలలకును గల భేదము సిద్ధాంతభేదము కాదు, ఎవరి ప్రక్కన నిలిచి కథ చెప్పితి మన్నదే.

ఇంత మెచ్చుకొన్న తరువాత లోపమును చెప్పక తప్పదు. అసలు వ్యవహారములో నేరస్థుడు తండ్రి కాదు. నవలలో రచయిత్రి తండ్రినే నేరస్థుని చేసెను, తల్లిని ముందుగానే చంపెను. ఇందువలన లాభము కలదు: పాపము వీధిలో కాదు, దేవుని పటము వ్రేలాడు ఇంటిలోనే యున్నదని చెప్పుటకు వీలయ్యెను. కాని నష్టము అంతకంటె పెద్దది. నిజమైన వ్యవహారములో అత్యంత కఠినమైన స్థానము ఆ తల్లిదండ్రులది. బిడ్డను వెంటబెట్టుకొని ఓడరేవునకు పోవునప్పటి వారి మనస్సు, న్యాయము కోరి పోలీసులను అడిగినప్పటి వారి నమ్మకము, దేశము పిలిచినప్పుడు చెప్పినమాట విని వెనుకకు వచ్చిన వారి విధేయత: ఇవియే గదా విశ్వాసమును కుటుంబమును ఒకేచోట పరీక్షించు ఘట్టములు! చిన్ననాటినుండి గర్భవిచ్ఛిత్తి మహాపాపమని నమ్మిన తల్లి, తన కూతురి విషయమున ఆ నమ్మకముతో ఏమి చేయును? ఓబ్రయన్ చేతిలో ఇది పడియుండిన గొప్ప అధ్యాయము లయ్యెడివి. తండ్రిని దుష్టుని చేయుటతో ఆ ప్రశ్నయే లేచిపోయినది.

రెండవ లోపము దీనికి సంబంధించినదే. పిండమును కాపాడవలెనను పక్షమువారిని, ముఖ్యముగా రోషీన్ అను స్త్రీని, రచయిత్రి ముతకరంగులతో చిత్రించెను. న్యాయమూర్తులును వ్యంగ్యచిత్రములే. అట్టివారు లోకములో లేరని కాదు. కాని ఆ సవరణకు ఓటువేసిన నూటికి 67 మందిలో దయగలవారు, బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు, రాత్రులు నిద్రపట్టక ఆలోచించినవారు ఎందరుండిరో! వారిలో ఒక్కరైనను నోరు తెరచి తమ పక్షమును సమర్థించుకొను అవకాశము నవలలో దొరకలేదు. చీలిన సమాజమును గూర్చిన నవలకు రెండు చెవులుండవలెను.

ఈ కొరతను కొంతవరకు తీర్చిన చిన్న పుస్తకము 2021లో వచ్చినది. క్లేర్ కీగన్ వ్రాసిన ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’. విషయము గర్భవిచ్ఛిత్తి కాదు, దాని తోబుట్టువు: పెండ్లికాకుండ తల్లులైన పిల్లలను కన్యాస్త్రీల మఠములలో చాకిరికి పెట్టిన వ్యవహారము. 1985 క్రిస్మసు దినములు, న్యూరాస్ పట్టణము. బిల్ ఫర్లాంగ్ అను బొగ్గువర్తకుడు మఠపు బొగ్గుకొట్టులో బంధింపబడిన పిల్లను చూచును. అతనికి ఐదుగురు ఆడపిల్లలు. వారి చదువు ఆ కన్యాస్త్రీల చేతిలోనిదే. మనకెందుకీ గొడవ యని భార్య హెచ్చరించును. ఆమె చెడ్డది కాదు. ఐదుగురు పిల్లల తల్లి. ఆమె మాటలను చదువుచున్నప్పుడు ‘మన యిండ్లలో నయినను ఇదే మాట వచ్చును’ అని ఒప్పుకొనక తప్పదు. ఓబ్రయన్ నవలలో నాకు దొరకనిది ఈ భార్యయే.

ఈ దూరదేశపు కథ మనకేల యని అడుగువారికి ఒక సంగతి జ్ఞాపకము చేసెదను. ఈ సంచిక చదువువారిలో కర్ణాటకమున స్థిరపడినవారు పెక్కుమంది. ఆ రాష్ట్రములోని బెళగావినుండి పోయి ఐర్లండులో దంతవైద్యురాలిగా నున్న సవితా హలప్పనవర్, 31 ఏండ్ల వయస్సున, 2012 అక్టోబరు 28న గాల్వే పట్టణములో మరణించెను. పదునేడు వారముల గర్భము నిలువదని తేలిన పిమ్మట, తీసివేయుడని ఆమెయు భర్తయు అడిగిరి. పిండపు గుండె కొట్టుకొనుచున్నందున చట్టము ఒప్పదనిరి. విషము రక్తమునకు ఎక్కి ఆమె చనిపోయెను. ఇది కతోలిక దేశమని అక్కడి నర్సు ఒకతె ఆమెతో అన్నట్లు మరణవిచారణలో బయటపడినది. మేరీ తలదాచుకొన్న గాల్వేయే ఆ గాల్వే. మన దేశమున 1971 నాటి చట్టముచేత అనుమతింపబడిన చికిత్స అది. అడిగినది హిందూ కుటుంబము. 2018 మే నెలలో ఐర్లండు ప్రజలు నూటికి 66 మందికి పైగా ఓటువేసి ఎనిమిదవ సవరణను తొలగించిరి. ఓటునకు ముందు బెళగావినుండి సవిత తల్లిదండ్రులు తమ బిడ్డను తలచుకొని ఓటు వేయుడని ఆ దేశస్థులకు విజ్ఞప్తి చేసిరి.

నవలలోని చివరి ఘట్టమును గూర్చి ఒక మాట. తండ్రి ఉరిపోసికొనును. న్యాయస్థానము తీర్పు చెప్పునంతలో మేరీ గర్భము తనంతట జారిపోవును. అనగా వకీళ్లు, ప్రార్థనలు, పత్రికలు అన్నియు దేనికొరకు కొట్లాడినవో అది లేకయే పోయినది. ఇది రచయిత్రి చూపిన సులభమార్గమని కొందరనవచ్చును. కాని అసలు బాలిక విషయమునను అట్లే జరిగినది గనుక ఆమెను తప్పుపట్టలేము. ఆ పిదప ఒక రాత్రి జనుల మధ్య మేరీ నిలిచి పాడును. నవల అంతయు నోరు మెదపని పిల్ల అక్కడ గొంతెత్తును. ఆ పాటకు ముందు ఇంకను పది పుటలుండిన బాగుండెడిది; చచ్చిన తండ్రిని గూర్చి ఆమె ఏమనుకొనెనో, బెట్టీ ఇంటికి మరల పోయెనో లేదో తెలిసికొనవలెనని నాకు తోచినది. పాట మాత్రము చెవిలో నిలిచినది.