మీడియన్ ఎంత సార్?

ఇంజినీరింగ్ ప్రవేశాల ఈఏపీసెట్ ర్యాంకులు రాగానే హైదరాబాద్, విజయవాడ మొదలుకుని జిల్లా కేంద్రాల ఫంక్షన్ హాళ్ల దాకా ఎడ్యుకేషన్ ఫెయిర్‌లు మొదలవుతాయి. బంధువుల పిల్లల్లో ఎవరో ఒకరికి తోడుగా నేనూ వెళ్తుంటాను. ఎక్కడ చూసినా అదే వరుస. స్టాల్ ముందు కుర్చీలో నాన్న కూర్చుని ఫీజు అడుగుతాడు. అమ్మ హాస్టల్ సంగతి అడుగుతుంది. నాలుగేళ్లు చదవాల్సిన పిల్ల బ్రోషర్ల సంచి పట్టుకుని వెనక నిలబడి ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చోవాల్సింది, అడగాల్సింది ఆ పిల్లే. ఫెయిర్ వల్ల దక్కేవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే: కొత్తవాళ్ల ఎదుట కూర్చుని తనకేం కావాలో తనే అడగడం.

అడగాలంటే ముందురోజు కాస్త పని ఉంటుంది. నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ కేటగిరీకి ఎంత ర్యాంకు దాకా వెళ్లిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో లాస్ట్ ర్యాంకుల జాబితా దొరుకుతుంది. తన ర్యాంకుకు అటూ ఇటూగా ఉన్న కాలేజీలు ఓ పది రాసుకుంటే చాలు, హాలంతా తిరగాల్సిన పని తప్పుతుంది.

ఈసారి మా అక్క కూతురితో వెళ్లాను. దానికి సీఎస్‌ఎం కావాలి, అంటే ఏఐ అండ్ ఎంఎల్. ఒక స్టాల్ వెనక ఫ్లెక్సీ నిండా హయ్యెస్ట్ ప్యాకేజీ, అది తెచ్చుకున్న అబ్బాయి ఫొటో. "మీడియన్ ఎంత సార్?" అని అడిగిందది. స్టాల్‌లో ఉన్నాయన ఆవరేజ్ చెప్పారు. "ఆవరేజ్ కాదు సార్, మీడియన్" అంది మళ్లీ, మర్యాదగానే. నలుగురికి భారీ జీతాలొస్తే ఆవరేజ్ లేస్తుంది. మీడియన్ అంటే జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడి జీతం. ఇంట్లో లెక్కలు వేసుకోవాల్సింది దాని మీదే.

ఇది దాచుకునే అంకె కూడా కాదు. కాలేజీలకు కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్ 2016 నుంచి వస్తోంది. దానికి దరఖాస్తు చేసిన కాలేజీ తానిచ్చిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పీడీఎఫ్‌లో ప్లేస్‌మెంట్ పట్టిక తీసి ఒక్కో గడీ చదవండి. మొదటి ఏడాదిలో సీట్లెన్ని, చేరింది ఎందరు, నాలుగేళ్లలోనే చదువు పూర్తి చేసి బయటపడింది ఎందరు, ఉద్యోగాలొచ్చింది ఎందరికి, మీడియన్ జీతమెంత, పైచదువులకు వెళ్లింది ఎందరు. చేరినవాళ్లకూ సమయానికి పాసైనవాళ్లకూ మధ్య ఎంత తేడా ఉందో చూసి అక్కడ కాసేపు ఆగండి. ఆ సంగతి నాకైతే ఏ బ్రోషర్‌లోనూ కనబడలేదు. ఆ పేజీ ప్రింట్ చేతిలో ఉంటే అవతలివాళ్లు మాట్లాడే తీరే మారుతుంది.

"మాకు ఎన్‌బీఏ గుర్తింపు ఉంది" అంటే ఏ బ్రాంచికని అడగాలి. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ ఒక్కో కోర్సుకు విడివిడిగా. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికొస్తే తప్ప దానికి దరఖాస్తు కుదరదు కాబట్టి కొత్త బ్రాంచికి లేకపోవడం తప్పేమీ కాదు. ఈసీఈకి ఉన్నది చూపించి సీఎస్‌ఎం సీటు అమ్మడం మాత్రం తప్పే. 2024-25 నుంచి బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఎత్తేసింది. కాబట్టి సెక్షన్లెన్ని, రెగ్యులర్ ఫ్యాకల్టీ ఎందరు అన్నది తప్పక అడగాలి. ఇరవై మందికి ఒక అధ్యాపకుడన్నది ఏఐసీటీఈ లెక్క.

స్టాల్ పక్కన కాలేజీ టీషర్టుల్లో నిలబడ్డ వాలంటీర్ పిల్లల్ని మాత్రం వదలకండి. "అక్కా, ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఎంతమంది కూర్చుంటారు?" అని మా పిల్ల అడిగితే, ఆ అమ్మాయి ఓసారి వెనక్కి చూసి, "ఇద్దరం... కొన్నిసార్లు ముగ్గురం" అంది. "మరి ప్రోగ్రామ్ ఎవరు రాస్తారు?" "ఎవరు ముందొస్తే వాళ్లు." అంత నిజాయితీగా చెప్పినందుకు ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది. ఇలాంటివి పెద్దలముందు అడిగితే రావు. ఆ పది నిమిషాలూ మనం పక్కకు తప్పుకోవాలి.

"ఈరోజే బ్లాక్ చేసుకుంటే ఫీజులో తగ్గింపు" అన్నా ఒక్క రూపాయి కట్టొద్దు. కన్వీనర్ కోటా సీటు ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లతో వచ్చేది, అది ఏ స్టాల్ చేతిలోనూ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంట్లోనే ఉంచి వెళ్లండి. అడ్మిషన్ అప్పుడు కూడా వాటిని చూసి తిరిగి ఇచ్చేయాలే తప్ప అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

ఇంటికొచ్చాక పదింట్లో మూడు మిగిలితే ఫెయిర్ పని అయినట్టే. ఆ మూడింటికీ స్వయంగా వెళ్లి చూడండి. సెలవురోజు కాకుండా క్లాసులు నడిచే రోజు వెళ్లండి, మధ్యాహ్నం భోజనాల వేళకు. క్యాంటీన్‌లో థర్డియర్ పిల్లల పక్కన చోటు దొరికితే మీ పిల్లను అక్కడ కూర్చోబెట్టండి.