పొగ చూసి పసిగట్టేవాళ్లు

మా మేనమామ జోలార్‌పేట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశాడు. గుడియాత్తం స్టేషన్‌లో ఏ ఇంజిన్ ఆగినా ముందు దాని పొగగొట్టం వంక చూసేవాడు. నల్లపొగ కక్కుతుంటే "లోపల ఉండేవాడికి చెయ్యి తిరగలేదురా" అనేసేవాడు. బొగ్గంతా ఒక్కసారి కుమ్మరిస్తే మంటకు గాలాడదు. పారతో కొంచెం కొంచెంగా, పలచబడిన చోట చల్లుతూ పోవాలి. నాసిరకం బొగ్గయితే ఎంతటి పనివాడూ ఏం చేయలేడు. బూడిద కరిగి గడ్డకట్టి పొయ్యి అడుగు చువ్వలకు పట్టేస్తుంది, సెగలో నిలబడి గడ్డపారతో పెళ్లగించాల్సిందే.

ఓడలు కూడా బొగ్గు మీదే నడిచిన రోజుల్లో జపాన్ నౌకాదళానిదీ ఇదే తంటా. సొంత బొగ్గుంది, కానీ పొగ ఎక్కువ. యుద్ధనౌకకు పొగంటే శత్రువుకు చిరునామా రాసిచ్చినట్టే. అందుకే 1904-05లో రష్యాతో యుద్ధానికి పొగ తక్కువుండే వేల్స్ బొగ్గు కొని పెట్టుకున్నారు. ఆ తర్వాత 1918-19లో మురోటో, నోజిమా అనే రెండు ఓడలను బొగ్గు మోయడానికే కట్టుకున్నారు. యుద్ధాల కథల్లో ఇలాంటి ఓడల ఊసు పెద్దగా రాదు. నాకైతే అసలు కథ వాటిదే అనిపిస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసును వణికించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్‌నే తీసుకోండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టింది, జనం ఊరొదిలి పోయారు. ఇదంతా మనవాళ్లు చెప్పుకునేదే. దాని కెప్టెన్ ఫాన్ ముల్లర్‌కు మాత్రం తుపాకీ మందు కన్నా బొగ్గు బెంగే ఎక్కువ. అంతకుముందే బంగాళాఖాతంలో ఒక గ్రీకు ఓడను పట్టుకున్నాడు. అందులో ఉన్నది కలకత్తా నుంచి బొంబాయి వెళ్తున్న మన బొగ్గు, పొగ జాస్తి. మద్రాసు దాడైన ఐదు రోజులకు బురెస్క్ అనే బొగ్గు ఓడ చిక్కింది. బ్రిటిష్ నౌకాదళం కోసం వెళ్తున్న వేల్స్ బొగ్గు, ఆరువేల టన్నుల పైమాటే! దాన్ని వెంటబెట్టుకుని తిరిగాడు. నడిసముద్రంలో రెండు ఓడలూ పక్కపక్కన కట్టి, అలకు ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే గోతాల కొద్దీ ఎక్కించుకోవాలి. లోపల చోటు చాలకపోతే డెక్కు మీదే కుప్ప పోయాలి. ధూళి కంట్లోకి, ముక్కులోకి, తిండిలోకి.

నవంబరు 9 పొద్దున కోకోస్ దీవుల దగ్గర ఆగిన ఎమ్డెన్, బొగ్గుకోసం బురెస్క్‌ను రమ్మని వైర్‌లెస్‌లో కబురు పెట్టింది. కాసేపటికి దూరాన పొగ కనిపించింది. బురెస్కేలే అనుకున్నారు. తీరా చూస్తే ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ! సైనికుల ఓడలకు కాపలాగా సిడ్నీతో పాటు వస్తున్న జపాన్ యుద్ధనౌక ఇబుకి తానూ పోరుకు వెళ్తానంది, కాపలా వదలొద్దన్నారు. ఎమ్డెన్ తూట్లు పడి దిబ్బెక్కింది. సిడ్నీ ఆ తర్వాత బురెస్క్ వెంటపడింది. చేతికి చిక్కనివ్వకుండా, అందులోని జర్మన్లే దాన్ని ముంచేశారు.